పండని అండాల గురించి మాకూ చెప్పండి: ఫెర్టిలిటీ డాక్టర్లకి, ఎంబ్రియాలజిస్టులకి ఒక బహిరంగ లేఖ

డాక్టర్ గార్లకి, మాకు ఎప్పుడూ కనపడకుండా ల్యాబ్ తలుపు వెనకాల పనిచేసే ఎంబ్రియాలజిస్టులకి, రేపు గైడ్‌లైన్స్ రాయబోయే పెద్దలకి నమస్కారం.

నేను డాక్టర్ని కాదండీ, సైన్స్ చదువుకున్నదాన్నీ కాదు. అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపే ఐవీఎఫ్ చేయించుకున్న ఒక పేషెంట్‌ని, నాకు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండాలు సరిగ్గా విడుదల కాని సమస్య ఉంది, అంతే. నా దగ్గర ఒక కాగితం ఉంది, ఎగ్ పికప్ (ఓవరీల్లోంచి సూదితో అండాలు తీయడం) అయిన మర్నాడు క్లినిక్‌లో చేతికిచ్చారు. దాంట్లో నాలుగే లైన్లు. తీసిన అండాలు 24, మెచ్యూర్ 15, ఇమ్మెచ్యూర్ 9, ఆ తొమ్మిది పక్కన డిస్కార్డెడ్ అని ఒక్క ముక్క. ఇరవై నాలుగు వచ్చాయని సంతోషపడాలో, తొమ్మిది పోయాయని బాధపడాలో తెలీక ఆ తొమ్మిది అంకెకేసే చూస్తూ కూర్చున్నా. ఇమ్మెచ్యూర్ అంటే ఏంటని అడిగితే "పండలేదమ్మా, పనికిరావు" అన్నారు. ఇంకొంచెం సేపు ఉంచితే పండవా అని అడిగా. నవ్వి ఊరుకున్నారు.

అది పిచ్చి ప్రశ్న కాదని నాకు చాలా రోజులకి గానీ తెలియలేదు. 1935 నుంచీ శాస్త్రవేత్తలు అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. దాని మీద పనిచేస్తూ చేస్తూనే మీ ఐవీఎఫ్ పుట్టింది, దానికి పూర్తి జవాబు కోసం ఇప్పటికీ ల్యాబుల్లో వెతుకుతున్నారు. మరి అడిగిన నాకు ఒక్క రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఎందుకు చెప్పలేదు అన్నదే నా బాధ, ఈ లేఖ కూడా అందుకే.

తర్వాత జరిగింది కూడా చెప్తా. పికప్ అయిన నాలుగో రోజుకి నా పొట్ట ఆరో నెల కడుపులా ఉబ్బిపోయింది, పడుకుంటే ఊపిరి ఆడట్లేదు, యూరిన్ తగ్గిపోయింది. ఓహెచ్ఎస్ఎస్ అన్నారు. అంటే ఎక్కువ ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) ఉన్న ఓవరీలు, అండాలు పెంచడానికిచ్చే హార్మోన్ ఇంజెక్షన్లకి మరీ ఎక్కువ స్పందించి, రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో చేరిపోవడం. వారం రోజులు హాస్పిటల్లో ఉన్నా. ఇది ముందే ఊహించదగ్గ విషయమే, నా మొదటి స్కానింగ్‌లోనే ఓవరీల నిండా చిన్న చిన్న ఫాలికిల్స్ ముత్యాల దండలా కనిపించాయని వాళ్ళే చెప్పారు. అలాంటి ఓవరీలున్న వాళ్ళకి ఇంజెక్షన్లు బాగా తగ్గించి, లేదా అసలు లేకుండానే, చిన్న ఫాలికిల్స్‌లోంచి పండని అండాల్ని తీసి ల్యాబ్‌లో పండించే పద్ధతి ఒకటుందని, దాని పేరు ఐవీఎం అని నేను ఆ హాస్పిటల్ మంచం మీద ఫోన్‌లో చదివి తెలుసుకున్నా. ఒప్పుకునేదాన్నో లేదో తెలీదు. కానీ తెలిసి వద్దనుకోవడం వేరు, అసలు తెలియకపోవడం వేరు కదండీ.

నాలాగా చదివే ఆడవాళ్ళ కోసం, నేను అర్థం చేసుకున్నది కొంచెం రాస్తా. మీకు తెలిసిందే, తప్పుంటే దిద్దండి.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఓవరీల్లో పది, ఇరవై లక్షల దాకా అండాలు ఉంటాయి, అవన్నీ అమ్మ కడుపులో ఉండగానే క్రోమోజోములు పంచుకునే పని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవే. అట్లా ఆగినవి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, నలభై ఏళ్ళు ఆగే ఉంటాయి. వాటిని ఆపి ఉంచేది చుట్టూ ఉండే కణాలే. సన్నటి దారుల్లోంచి అవి లోపలికి పంపే సంకేతం వల్ల అండంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం తగ్గకుండా ఉంటుంది, అది ఉన్నంతకాలం బ్రేక్ మీద కాలు ఉన్నట్టే. నెల మధ్యలో ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ సంకేతం ఆగుతుంది, బ్రేక్ వదులవుతుంది, అండం తన సగం క్రోమోజోముల్ని ఒక చిన్న ముద్దగా బయటికి నెట్టేసి వీర్యకణం కోసం సిద్ధమవుతుంది. మీరు మెచ్యూర్ అనేది దాన్నే. ఐవీఎఫ్‌లో ఆ ఎల్‌హెచ్ పని చేయించడానికే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇస్తారు.

ఆ ట్రిగ్గర్ మా అందరికీ గుర్తే. ఒక్క నిమిషం అటూఇటూ కాకూడదని అలారం పెట్టుకుని, రాత్రి పూట చేతులు వణుకుతుండగా వేసుకునే ఇంజెక్షన్. సుమారు 36 గంటల తర్వాత పికప్. ఈ 36 ఎక్కడిదా అని వెతికితే కథ మళ్ళీ పండని అండాల దగ్గరికే వచ్చింది. కుందేలు అండాన్ని ఫాలికిల్ నుంచి బయటికి తీస్తే దానంతట అదే పండటం మొదలుపెడుతుందని 1935లో పింకస్, ఎంజ్‌మన్ గమనించారు. మనిషి అండానికి 12 గంటలు చాలని పింకస్ తర్వాత అనుకున్నారు. ఐవీఎఫ్‌కి దారి వేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్ ఆ లెక్క నమ్మి, ఆపరేషన్లలో తీసిన ఓవరీ ముక్కల్లోంచి అండాలు ఏరుకుని 12 గంటలకి చూస్తే ఏమీ కదల్లేదు. ఆయన ఇంకా ఇంకా ఆగి చూశారు, దాదాపు ఒక రోజు దాటాక కదలిక కనిపించింది, ఒకటిన్నర రోజుకి అండం పండింది. 1965లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అది అచ్చయింది. అలా ల్యాబ్‌లో పండించిన అండాలకే 1969లో ఎడ్వర్డ్స్, బావిస్టర్, స్టెప్టో వీర్యకణంతో ఫలదీకరణ చేసి చూపించారు. అంటే 1978లో మొదటి ఐవీఎఫ్ పాప లూయీ బ్రౌన్ పుట్టడానికి ముందు నడిచిన దారి పండని అండాలతోనే మొదలైంది. ఆ పాప మాత్రం అమ్మ శరీరంలోనే పండిన ఒకే ఒక్క అండం నుంచి పుట్టింది. ఆ తర్వాత ఇంజెక్షన్లతో శరీరంలోనే పది పదిహేను పండించుకోవచ్చని తేలాక, ల్యాబ్‌లో పండించే దారి పక్కకి పోయింది.

పూర్తిగా మూసుకుపోలేదు మరి. 1991లో కొరియాలో చా బృందం, వేరే ఆపరేషన్ కోసం వచ్చిన స్త్రీలు దానం చేసిన పండని అండాల్ని ల్యాబ్‌లో పండించి వాటితో కాన్పు వరకూ తీసుకెళ్ళారు. 1994లో ఆస్ట్రేలియాలో ట్రౌన్సన్ బృందం పీసీఓఎస్ ఉన్న స్త్రీ సొంత అండాలతోనే అది సాధించింది. తర్వాత కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు అండాలు తీసేముందు, ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒకటి ఇచ్చి చూశారు. 2021లో ఏఎస్ఆర్ఎం అనే అమెరికా ఫెర్టిలిటీ డాక్టర్ల సంఘం కూడా దీన్ని ఇక ప్రయోగం అని పిలవక్కర్లేదంది. ఇన్నేళ్ళు అయినా మా దాకా ఆ మాట రాలేదు.

ఎందుకు రాలేదో కొంత అర్థమైంది. ఫలితాలు తక్కువ. దాచాల్సిన పనేం లేదు, నేనే చెప్తా. ముందే కోసేసిన కాయని మాగబెడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, పైన రంగు మారుతుంది కానీ లోపల పులుపు పోదు. అండం కూడా అంతేనట, ఫాలికిల్ నుంచి తీయగానే బ్రేక్ వదిలేసినట్టై క్రోమోజోముల పని చకచకా అయిపోతుంది, కానీ లోపల ఉండే జీవద్రవ్యం, అంటే తర్వాత పిండాన్ని మొదటి రోజుల్లో పోషించాల్సిన సరుకంతా, ఇంకా తయారై ఉండదు. చూడ్డానికి మెచ్యూర్‌లా కనిపిస్తుంది, పిండం మాత్రం మధ్యలో ఆగిపోతుంది. అందుకే బ్రస్సెల్స్, హో చి మిన్ సిటీ డాక్టర్లు కలిసి రెండంచెల పద్ధతి తెచ్చారు, దాన్ని కాపా ఐవీఎం అంటారు. మొదట సుమారు 24 గంటలు సీఎన్‌పీ అనే పెప్టైడ్‌తో అండాన్ని పండకుండా ఆపి పెడతారు, చుట్టూ కణాలు దానికి సరుకు అందిస్తూ ఉంటాయి, ఆ తర్వాత వేరే ద్రవంలోకి మార్చి ఇంకో 30 గంటలు పండనిస్తారు. పండాలంటే ముందు ఆపాలి అన్న ఆ ఆలోచన చదివినప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి, ఎందుకో చెప్పలేను, అన్ని నెలలు నా శరీరం లేటు, నేను లేటు అని అందరూ అంటుంటే విన్నందుకేమో.

ఇప్పుడు నంబర్లు. ఆ హో చి మిన్ సిటీ వాళ్ళే ఫాలికిల్స్ ఎక్కువున్న 546 మంది స్త్రీలని రెండు గుంపులు చేసి పోల్చి 2020లో ఫలితాలు బయటపెట్టారు. మొదటి ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) తర్వాత బిడ్డ పుట్టింది ఐవీఎంలో 35.2 శాతం మందికి, మామూలు ఐవీఎఫ్‌లో 43.2 శాతం మందికి. ఏడాది మొత్తం లెక్కేస్తే తేడా ఇంకా ఎక్కువ, నిలబడిన ప్రెగ్నెన్సీలు ఐవీఎంలో 44 శాతం, ఐవీఎఫ్‌లో 62.6 శాతం. ఓహెచ్ఎస్ఎస్ ఐవీఎంలో ఒక్కరికీ రాలేదు, ఐవీఎఫ్‌లో కూడా 0.7 శాతమే. బీజింగ్‌లో పీసీఓఎస్ ఉన్న 351 మంది మీద చేసిన ట్రయల్ ఇంకా కఠినంగా ఉంది, అక్కడ ముందు ఆపిపెట్టే అంచె లేని పాత పద్ధతి వాడారు, ఆరు నెలల్లో వచ్చి బిడ్డ పుట్టేదాకా నిలిచిన ప్రెగ్నెన్సీలు ఐవీఎంలో 22.3 శాతం, ఐవీఎఫ్‌లో 50.6 శాతం. సగం కన్నా తక్కువ. ఇవి చూసి కూడా ఐవీఎం గొప్పది, అందరికీ చేయండి అని నేనంటే అది మోసం.

మీరు ఇంకో మాట కూడా అంటారు, నాకు తెలుసు. ఇప్పుడు అండాలు ముందే విడుదలవకుండా ఆపే యాంటగనిస్ట్ ప్రోటోకాల్ ఉంది, ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ బదులు, శరీరం సొంత ఎల్‌హెచ్‌నే విడుదల చేయించే జీఎన్ఆర్‌హెచ్ యాగనిస్ట్ ఇస్తాం, ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేసి తర్వాత నెలల్లో వేస్తాం, ఓహెచ్ఎస్ఎస్ దాదాపు పోయినట్టే అని. నిజమే, నా రెండో సైకిల్ అలాగే చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. మొదటిసారే ఎందుకు అలా చేయలేదన్నది వేరే గొడవ, దాన్ని ఇక్కడికి లాగను. కానీ ఐవీఎం అవసరం ఓహెచ్ఎస్ఎస్‌తోనే ఐపోదు కదా. పది పన్నెండు రోజులు రోజూ పొడుచుకునే ఇంజెక్షన్లు శరీరానికి, మనసుకి పడని వాళ్ళున్నారు. ఫాలికిల్స్‌ని పెంచే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ ఎంత ఇచ్చినా ఓవరీలు స్పందించని అరుదైన పరిస్థితి ఉన్నవాళ్ళకి సొంత అండంతో తల్లి అవ్వాలంటే దాదాపు ఇదే దారి. అవకాశం కొంచెం తక్కువైనా పర్లేదు, భారం తగ్గితే చాలు అనుకునే మనిషి ఉండొచ్చు. ఆ బేరీజు వేసుకోవాల్సింది ఆమె, ఆమె తరఫున మీరు కాదు.

క్యాన్సర్ గురించి అయితే నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా. చిన్నప్పట్నుంచీ నాతో పెరిగిన స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, పెళ్ళి కాలేదు అప్పటికి. కీమో త్వరగా మొదలుపెట్టాలన్నారు, అండాలు దాచుకునే సంగతి ఆమే అడిగితే "ఇప్పుడు అంత టైమ్ లేదు, హార్మోన్లు ఇవ్వడం రిస్కు" అని ఒక్క మాటలో తేల్చేశారు. లెట్రోజోల్ అనే మాత్ర కలిపి హార్మోన్ ప్రభావం తగ్గించి, నెలలో ఏ రోజైనా మొదలుపెట్టి రెండు వారాల్లో చేసే పద్ధతి ఉంది, అదీ చెప్పలేదు. ఇంజెక్షన్లే లేకుండా ఒకట్రెండు రోజుల్లో పండని అండాలు తీసి, ల్యాబ్‌లో పండించి ఫ్రీజ్ చేయొచ్చన్నదీ చెప్పలేదు. ఫ్రాన్స్‌లో ఒకామెకి 29 ఏళ్ళ వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు సరిగ్గా ఇదే చేశారు, ఏడు అండాలు తీసి ల్యాబ్‌లో పండించి విట్రిఫై చేసి, అంటే చాలా వేగంగా ఫ్రీజ్ చేసి, దాచారు, ఐదేళ్ళ తర్వాత వాటితోనే ఆమెకి 2019లో బాబు పుట్టాడు. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఏడు అండాలు చాలా తక్కువ, అదృష్టం కూడా కలిసొచ్చి ఉంటుంది. కానీ ఓవరీ ముక్కని ఫ్రీజ్ చేసేటప్పుడు కూడా ఆ ముక్కలోంచి రాలిన పండని అండాల్ని ల్యాబ్‌లో పండించి దాచుకునే వీలుంది, కాబట్టి క్యాన్సర్ డాక్టర్ గారూ, మీ గదికీ ఫెర్టిలిటీ వాళ్ళ గదికీ మధ్య ఒక్క ఫోన్ కాల్ దూరం, అది కీమో డేట్ రాసేముందే చేయండి. నా స్నేహితురాలు ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది, అది చాలా పెద్ద విషయం, ఆమె కూడా అదే అంటుంది. కానీ పిల్లల మాటొస్తే టాపిక్ మార్చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, పేరు గురించి. నా కాగితంలో ఉన్న తొమ్మిది అండాలు, నిండా ఇంజెక్షన్లు ఇచ్చి ట్రిగ్గర్ కూడా వేశాక పండకుండా మిగిలినవి. వాటిని ఇంకో రోజు ఉంచి పండించి వాడటాన్ని రెస్క్యూ ఐవీఎం అంటారు. అది వేరు, మొదట్నుంచే ప్లాన్ చేసుకుని చిన్న ఫాలికిల్స్‌లోంచి తీసి చేసే ఐవీఎం వేరు. అన్ని సంకేతాలూ అందినా కదలని అండంలో ముందే ఏదో లోపం ఉండే అవకాశం ఎక్కువ, అందుకే రెస్క్యూ అండాలతో పిండాలు బలహీనంగా ఉంటాయి, అయినా అరుదుగా బిడ్డలు పుట్టారు. కొన్ని చోట్ల ఈ రెంటినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు, రెస్క్యూ ఫలితాలు చూపించి ఐవీఎం పనికిరాదంటారు, లేదా ఐవీఎం ఫలితాలు చూపించి రెస్క్యూ అమ్ముతారు. రెండూ తప్పే. నా తొమ్మిదినీ పారేయడం తప్పని నేను అనట్లేదు, బహుశా సరైన నిర్ణయమే అయ్యుంటుంది. అవి నా శరీరంలోంచి వచ్చినవి, వాటి గురించి నిర్ణయం జరిగేముందు ఒక మాట చెప్పి ఉండాల్సింది అంటున్నా. మామూలుగానే తీసినవాటిలో పది, ఇరవై శాతం దాకా పండనివి ఉంటాయట, అది ముందే చెప్తే ఆ మర్నాడు నేను అంత భయపడేదాన్ని కాదు.

మీ వైపు కష్టం కూడా ఉందని ఒప్పుకుంటా. చిన్న ఫాలికిల్‌లోంచి అండం తీయడం మామూలు పికప్ లాంటిది కాదట, సూది వేరు, ప్రెషర్ తక్కువ పెట్టాలి, చెయ్యి తిరిగి ఉండాలి. అక్కడ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్ రక్తం కలిసిన ద్రవంలో, కణాలు గట్టిగా అంటుకున్న చిన్న చిన్న అండాల్ని గంటల తరబడి వెతకాలి, రెండు రోజుల పాటు వేళ కాని వేళల్లో వచ్చి ద్రవాలు మార్చాలి. తీసినవన్నీ పండవు కూడా. అందుకే అన్ని సెంటర్లలో మొదలుపెట్టమని అడగట్లేదు, చేతకాకుండా చేయడం కన్నా చేయకపోవడమే మాకు మేలు. మీ దగ్గర లేకపోతే లేదని చెప్పి, బాగా చేసే చోటికి పంపండి. పంపితే పేషెంట్ పోతుందన్న భయం మాత్రం వద్దు, నిజం చెప్పిన డాక్టర్ దగ్గరికి మేం తిరిగొస్తాం.

కొత్తవి కూడా వస్తున్నాయి. స్టెమ్ సెల్స్ నుంచి తయారుచేసిన ఓవరీ సహాయక కణాల పక్కన పండని అండాల్ని ఉంచి పండించే గేమెటో కంపెనీ పద్ధతితో 2024 డిసెంబర్‌లో పెరూలో మొదటి బిడ్డ పుట్టింది, అమెరికాలో పెద్ద ట్రయల్‌కి 2025 మొదట్లో అనుమతొచ్చింది. వినడానికి చాలా ఆశగా ఉంది నాకు. అందుకే ఇప్పుడే అడుగుతున్నా, ఈసారి లెక్కలు సరిగ్గా పెట్టండి. ట్రాన్స్‌ఫర్ దాకా వచ్చినవాళ్ళలో ఎంతమంది అని కాకుండా, మొదటి రోజు మీ గుమ్మం తొక్కినవాళ్ళలో ఎంతమంది బిడ్డతో ఇంటికెళ్ళారు అన్న లెక్క మాకు చూపించండి, మధ్యలో అండం రాక, పండక, పిండం ఆగిపోయి వెనక్కెళ్ళిన వాళ్ళు కూడా ఆ లెక్కలో ఉండాలి. ఐవీఎంతో పుట్టిన పిల్లల్లో ఇప్పటిదాకా చూసినంతవరకు ఐవీఎఫ్ పిల్లల కన్నా ఎక్కువ లోపాలేం కనపడలేదు, ఆ మాట ధైర్యం ఇచ్చేదే, కానీ చూసిన పిల్లల సంఖ్య తక్కువ, వాళ్ళు ఇంకా ఎదుగుతున్నారు. వాళ్ళని స్కూలు వయసు దాటి పెద్దయ్యేదాకా గమనించే బాధ్యత ఆ బిడ్డల్ని ఈ లోకంలోకి తెచ్చిన మీది కూడా.

గైడ్‌లైన్స్ రాసే పెద్దలకి ఒక్కటే అడుగుతా. సైకిల్ మొదలుపెట్టేముందు సంతకం పెట్టించే ఫారాల్లో ఒక పేజీ పెంచండి. ఫాలికిల్స్ ఎక్కువున్న ఆమెకి ఐవీఎఫ్, ఐవీఎం రెండూ ఏంటో, ఏది ఎవరికి పనిచేస్తుందో, వయసు పెరిగి అండాలు తగ్గినవాళ్ళకి ఐవీఎం ఎందుకు అంతగా పనికిరాదో, పైన నేను రాసిన లాంటి నంబర్లు మామూలు మాటల్లో ఉండాలి. పండని అండాలు మిగిలితే ఏం చేయాలి, పారేయాలా, ఇంకో రోజు ఉంచి చూడాలా, రీసెర్చ్‌కి ఇవ్వాలా అని ఆమెని ముందే అడిగి రాయించుకోవాలి. పికప్ మర్నాడు రిపోర్ట్ ఇచ్చేటప్పుడు ఎంబ్రియాలజిస్ట్ బయటికి వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఫోన్‌లోనైనా సరే. మా అండాల్ని మైక్రోస్కోప్ కింద చూసిన కళ్ళు మీవే కదా, మాకు వాటి సంగతి మీ నోటితో వింటేనే నమ్మకం.

ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్‌లో ఉంది, ఈ లేఖ రాస్తూ ఇందాకే మళ్ళీ తీసి చూశా. డిస్కార్డెడ్ అన్న మాట పక్కన ఎవరి సంతకమూ లేదు, టైమ్ కూడా వేయలేదు. మీరు ఇకమీదట ఇచ్చే కాగితంలో అక్కడ రెండు ఖాళీలు పెట్టండి, ఒకటి ఎంబ్రియాలజిస్ట్ సంతకానికి, ఒకటి ఆమె ఏం కోరుకుందో రాయడానికి.

ఇట్లు,
ఒకప్పటి మీ పేషెంట్